కొత్త ఊరిలో ఆటల సంఘం: చేరిక, మర్యాద, బాధ్యత

బ్రతుకుతెరువు కోసం ఊరు మారిన కుటుంబానికి మొదటి నెలలలో ఇల్లు, పని, రేషను కార్డు, పిల్లల బడి తప్ప మరొక ఆలోచన ఉండదు. అవన్నీ ఒక కొలిక్కి వచ్చిన తరువాత అసలు లోటు తెలుస్తుంది. సాయంకాలం పేరు పెట్టి పిలిచేవారు ఉండరు; రెండు రోజులు కనబడకపోతే ఏమైందని అడిగేవారు ఉండరు. ఇంటి యజమానితో, మేస్త్రీతో, కిరాణా దుకాణదారుతో ఉండే పరిచయం అవసరం మేరకు సాగేది. అవసరంతో నిమిత్తం లేని స్నేహం దొరికే చోట్లలో ఆటస్థలం ముఖ్యమైనది. అక్కడ ఏ సంఘంలో, ఏ విధంగా చేరాలి, చేరిన తరువాత ఏ హక్కులు, ఏ బాధ్యతలు ఉంటాయి అన్నది ఈ పాఠంలోని విషయం.

సరిహద్దు జిల్లా నేపథ్యం

బళ్లారి తెలుగువారికి పూర్తిగా పరాయి ఊరు కాదు. నేటి అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుండి విడివడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి తాలూకాతో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. కనుక నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. జీన్సు కుట్టుపనికి, తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి, వైద్య కళాశాలకు, కట్టడపు పనులకు ఇటీవల వచ్చినవారు వేరు.

ఈ రెండు వర్గాల మధ్య తేడాను కొత్తవారు గుర్తించాలి. అంగడిలో, బస్సులో, పనిచోట తెలుగు చెల్లుతుంది కాబట్టి కన్నడం నేర్వవలసిన పని లేదని చాలామంది అనుకుంటారు. పాతకాపులైన తెలుగువారు అలా అనుకోలేదు. వారు రెండు భాషలలోనూ వ్యవహరిస్తారు. బళ్లారి న్యాయవాది, ప్రసిద్ధ నటుడు బళ్లారి రాఘవ (1880–1946) తెలుగులోనే కాక కన్నడంలోనూ, ఆంగ్లంలోనూ రంగస్థలం మీద నటించారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ ఈ ఊరి నాటక సమాజాలే. పని ముగిసిన తరువాత పదిమంది ఒక ఇష్టం కోసం కూడి సంఘంగా ఏర్పడడం బళ్లారికి కొత్త కాదు.

సంఘాలలో రకాలు

పేటలలో కనబడే ఆటల కూటములను నాలుగు విధాలుగా చెప్పవచ్చు.

మొదటిది, నియమాలు రాసుకోని స్నేహితుల జట్టు. ఆదివారం ఉదయం మైదానంలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవారు, బడి ఆవరణలో వాలీబాల్ ఆడేవారు ఇటువంటివారు. బంతి ఖర్చు పంచుకోవడమే వీరి చందా.

రెండవది, నమోదైన సంఘం. దీనికి నియమావళి, కార్యవర్గం, జమాఖర్చుల పుస్తకం, వార్షిక సర్వసభ్య సమావేశం ఉంటాయి. షటిల్, కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్ సంఘాలలో కొన్ని ఈ కోవకు చెందుతాయి. పసుపు ఊలు బంతితో జట్టుకు ఐదుగురు ఆడే బాల్ బ్యాడ్మింటన్ దక్షిణాదిలో పుట్టిన ఆట; పల్లెల నుండి వచ్చినవారిలో దీనిని బడిలో నేర్చినవారు ఉంటారు.

మూడవది, వ్యాయామశాల. కన్నడంలో దీనిని గరడి మనె అంటారు. తెలుగులోని గరిడీ, తాలింఖానా అన్న మాటలు ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. ఇక్కడ గురువు మాటే నియమం. పాదరక్షలు బయట విడవడం, మట్టికి నమస్కరించడం వంటి ఆచారాలను పాటించవలసి ఉంటుంది.

నాలుగవది, ప్రభుత్వ యువజన, క్రీడాశాఖ పర్యవేక్షణలోని జిల్లా క్రీడామైదానం, శిక్షణ శిబిరాలు. తోరణగల్లు సమీపంలో 2018లో ప్రారంభమైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ వంటివి వేరు. అవి ఎంపికైన క్రీడాకారులను ఉన్నత స్థాయి పోటీలకు సిద్ధపరచే సంస్థలు. కాలక్షేపం కోరేవారు చేరే చోట్లు కావు.

ఆడడం వేరు, సభ్యుడు కావడం వేరు

ఒక ఉదాహరణ ఊహించవచ్చు. గుంతకల్లు ప్రాంతం నుండి వచ్చి జీన్సు కుట్టే చోట పనిచేసే యువకుడు ఒక వాలీబాల్ సంఘం మైదానానికి ప్రతి సాయంకాలం వెళ్తాడు. బాగా ఆడతాడు, అందరూ మెచ్చుకుంటారు. నెలనెలా అడిగినంత సొమ్ము ఎవరో ఒకరి చేతిలో పెడతాడు. ఏడాది తరువాత జట్టు పొరుగు జిల్లాకు పోటీకి వెళ్లవలసి వచ్చినప్పుడు జాబితాలో అతని పేరు ఉండదు. అడిగితే, సభ్యత్వ పుస్తకంలో పేరు లేదని జవాబు వస్తుంది. పరభాషవాడినని తనను పక్కన పెట్టారని అతడు నొచ్చుకుంటాడు. సంఘంవారేమో, అతడు ఏనాడూ దరఖాస్తు ఇవ్వలేదని, సమావేశానికి రాలేదని అంటారు.

ఇరుపక్షాలలోనూ దురుద్దేశం ఉండకపోవచ్చు. సమావేశం ప్రకటన బోర్డు మీద కన్నడంలో ఉంది, అతడు చదవలేదు. చదివి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఒక చిన్న లోపం భాషల మధ్య కలతగా మారడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. అందువలన చేరే ముందే ఈ క్రింది విషయాలు తెలుసుకోవడం మేలు.

1. సంఘం నమోదైనదా? అయితే నియమావళి ప్రతి చూడాలి. చదవడం రాకపోతే చదివి చెప్పమని అడగడంలో సిగ్గుపడవలసింది లేదు.

2. ప్రవేశ రుసుము ఎంత, నెల చందా ఎంత, మానివేస్తే ఏమైనా తిరిగి ఇస్తారా? చెల్లించిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. ఫోను ద్వారా చెల్లిస్తే ఆ సొమ్ము సంఘం ఖాతాకు చేరుతున్నదా, వ్యక్తి ఖాతాకా అని గమనించాలి.

3. సభ్యులలో తరగతులు ఉన్నాయా? కొన్ని సంఘాలలో ఆడే హక్కు ఒక తరగతికి, ఓటు హక్కు మరొక తరగతికి ఉంటుంది.

4. సర్వసభ్య సమావేశం ఏ నెలలో జరుగుతుంది, ప్రకటన ఎక్కడ అంటిస్తారు, ఏ వాట్సాప్ బృందంలో పంపుతారు?

5. ఆటలో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? చాలాచోట్ల ఆటగాడిదే. ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ ఉందో మొదటి రోజే చూసుకోవాలి.

6. ఏ వేళలలో ఆడతారు? బళ్లారి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండ ముదరక ముందు, పొద్దు వాలిన తరువాత ఆడే సంఘాన్ని ఎంచుకోవడం ఆరోగ్యానికి మంచిది. రాత్రి షిఫ్టు పనివారు నిద్ర మానుకొని తెల్లవారుజామున ఆటకు వెళ్లడం తగదు.

మైదానం భాష

తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లవంటివి. బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కోవడానికి తెలుగు చదివినవారికి కొద్ది వారాల సాధన చాలు. మాటలలో మాత్రం కొన్ని దగ్గరివి, కొన్ని పొరపాటు పడదగినవి. కన్నడంలో చెండు అంటే బంతి. గెలువు అంటే గెలుపు. సంజె అంటే సాయంకాలం. ఇవి తెలుగువారికి వెంటనే తెలుస్తాయి. సోలు అంటే ఓటమి, నాళె అంటే రేపు, సదస్యత్వ అంటే సభ్యత్వం, శుల్క అంటే రుసుము, తీర్పుగార అంటే అంపైరు. వీటిని నేర్చుకోవాలి.

రెండు మాటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కన్నడంలో తండ అంటే జట్టు. తెలుగులో తండా అంటే లంబాడీల ఊరు. కన్నడంలో పంద్య అంటే పోటీ. తెలుగులో పందెం అంటే సొమ్ము ఒడ్డడం. ఆదివారం పంద్య ఉన్నదని చెప్పినవారు డబ్బు తెమ్మనలేదు, ఆటకు రమ్మన్నారు.

మర్యాద కూడా భాషలో భాగమే. తనకన్నా పెద్దవారిని అన్నా, అక్కా అని పిలిస్తే రెండు భాషలలోనూ చెల్లుతుంది. పరిచయం కుదరక ముందే ఏకవచనంలో పిలవడం రెండు భాషలలోనూ తప్పే. తెలుగు తెలిసినవారు నలుగురు కలిసినప్పుడు జట్టులోని ఐదవ వ్యక్తికి అర్థం కాని భాషలో నవ్వుకోవడం మైదానంలో మానుకోదగిన అలవాటు.

భాష జట్టా, పేట జట్టా?

తెలుగువారంతా వేరే జట్టు పెట్టుకుంటే మేలు కాదా అన్న ఆలోచన కొత్తవారిలో సహజంగా కలుగుతుంది. దీనికి చరిత్రలో రెండు పాఠాలు ఉన్నాయి.

మొదటిది బొంబాయిది. అక్కడి క్రికెట్‌లో యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లిములు మతం వారీగా జట్లు కట్టి చతుర్భుజ పోటీలు ఆడేవారు. 1937 నుండి ఐదవ జట్టు చేరింది. ఈ పోటీలకు జనం విరగబడి వచ్చేవారు. గొప్ప ఆటగాళ్లు తయారయ్యారు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టు తరఫున ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశమంతటా పేరు పొందారు. అయినా, ఆటలో మతభేదం పెంచుతున్నవని ఆ పోటీలను 1940లో గాంధీజీ వ్యతిరేకించారు. 1946 నాటికి అవి ఆగిపోయాయి. నాయుడు 1932లో భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకులయ్యారు. తరువాత ఇందూరు కేంద్రంగా హోల్కర్ జట్టును నడిపారు. ఆ జట్టు రంజీ ట్రోఫీని 4 సార్లు గెలిచింది. తెలుగు కుటుంబంలో పుట్టినవారు మరాఠీ, హిందీ సీమలలో ఆడి, ఆ ఊళ్ల జట్లను తమవిగా చేసుకున్నారు.

రెండవది మారిషస్‌ది. తెలుగువారు కూడా తరతరాలుగా నివసిస్తున్న ఆ దీవిలో ఫుట్‌బాల్ సంఘాలు చాలాకాలం మతం, జాతి పేర్ల మీద సాగాయి. 1999 మే నెలలో ఒక పోటీ తరువాత చెలరేగిన అల్లర్లలో రాజధానిలోని ఒక భవనానికి నిప్పు పెట్టగా ఏడుగురు మరణించారు. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం సంఘాలను ప్రాంతాల వారీగా పునర్వ్యవస్థీకరించింది.

ఈ రెండు అనుభవాలను బట్టి ఒక మధ్యమార్గం కనబడుతుంది. పండుగనాడు తెలుగువారు కలిసి ఆడుకోవడంలో దోషం లేదు. కొత్తగా వచ్చినవారికి మొదటి ఆసరా అదే. కాని ఏడాది పొడవునా ఆడే జట్టు, పోటీలకు వెళ్లే జట్టు పేట పేరు మీద, అన్ని భాషలవారితో ఉండడం క్షేమం. ఓడిన జట్టు పేటది అయితే మరునాటికి మరచిపోతారు. ఓడినది భాష అని అనుకుంటే మరచిపోవడం కష్టం.

స్త్రీలు, పిల్లలు

వలస కుటుంబాలలో ఒంటరితనం ఎక్కువగా అనుభవించేది ఇంటిపట్టున ఉండే స్త్రీలు. ఉదయపు నడక బృందాలు, యోగా తరగతులు, షటిల్ కోర్టులు వారికి తగిన ప్రారంభం. ప్రత్యేక వేళలు ఉన్నాయా, వెలుతురు, మరుగుదొడ్డి వసతి ఉన్నదా అని అడిగి తెలుసుకోవాలి. లేకపోతే పదిమంది సంతకాలతో సంఘానికి అర్జీ ఇవ్వవచ్చు.

పిల్లలను శిక్షణకు పంపేటప్పుడు శిక్షకుని అర్హతలు అడగడం, అప్పుడప్పుడు వెళ్లి చూడడం తల్లిదండ్రుల హక్కు. చూడడానికి అనుమతించని చోటికి పిల్లలను పంపరాదు.

సొంతంగా సంఘం స్థాపించదలిస్తే

కర్ణాటక సంఘాల నమోదు చట్టం, 1960 ప్రకారం సంఘం నమోదుకు కనీసం ఏడుగురు కావాలి. ఉద్దేశాలు, నియమావళి రాసి జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. ప్రతి సంవత్సరం సర్వసభ్య సమావేశం జరపాలి. జమాఖర్చులను, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. ఆ ఏడుగురిలో స్థానికులు కూడా ఉంటే మైదానం అనుమతి మొదలు ఇరుగుపొరుగు సహకారం వరకు పనులు సులభమవుతాయి. సమావేశ ప్రకటనలను రెండు భాషలలో రాసే నియమాన్ని మొదటి రోజే చేర్చుకుంటే, పైన చెప్పిన యువకునికి కలిగిన కష్టం మరొకరికి కలగదు.

సమీక్ష ప్రశ్నలు

1. మైదానంలో రోజూ ఆడేవారికీ, సంఘ సభ్యులకూ గల తేడా ఏమిటి?
2. పంద్య, తండ అన్న కన్నడ మాటలకు అర్థం ఏమిటి? తెలుగువారు ఎక్కడ పొరపడవచ్చు?
3. బొంబాయి, మారిషస్ అనుభవాల నుండి పేట జట్లు ఏమి నేర్చుకోవచ్చు?
4. వాలీబాల్ ఆడే యువకుని విషయంలో సంఘం ముందుగా ఏమి చేసి ఉండవలసింది? అతడు ఏమి చేసి ఉండవలసింది? ఇంటివారితోనూ, పొరుగున ఉండే కన్నడ మిత్రులతోనూ చర్చించాలి.