ఆకాశంలో ఢీ తప్పించే టీకాస్

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ గగనతలంలో సౌదీ బోయింగ్ 747, కజకిస్థాన్ ఇల్యూషిన్-76 ఢీకొని 349 మంది మరణించారు. గాలిలో ఢీకొన్న ప్రమాదాల్లో అతి పెద్దది ఇదే. 15 వేల అడుగుల వద్ద ఆగాల్సిన కజక్ విమానం, సౌదీ విమానం ఉన్న 14 వేలకు దిగిపోయింది. విచారణ జరిపింది లహోటీ కమిషన్. ఆ తర్వాతే భారత్ టీకాస్‌ను తప్పనిసరి చేసింది.

చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్ల నుంచి సమాచారం రాబట్టి, ముప్పు ముంచుకొస్తే ఒక పైలట్‌ను పైకి, మరొకరిని కిందికి వెళ్లమంటుంది ఈ పరికరం. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్‌లింగెన్ వద్ద టీకాస్ పైకి వెళ్లమన్నా, రష్యా టీయూ-154 నేలపై నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్ మాట విని కిందికి దిగి, మరో విమానాన్ని ఢీకొంది. 71 మంది బలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. తేదీలకన్నా ఇది ముఖ్యంగా గుర్తుంచుకోండి: రెండు ఆదేశాలు విభేదిస్తే పైలట్ పాటించాల్సింది టీకాస్‌నే.