పొటెన్షియల్ గ్రాఫు ఎట్ల గీయాలి? ఎందుకు గీయాలి?

నీరు ఎత్తు నుండి పల్లానికి పారుతుంది. అట్లనే విద్యుత్తు ఎక్కువ పొటెన్షియల్ నుండి తక్కువ పొటెన్షియల్‌కు ప్రవహిస్తుంది. దీనిని ఓల్టులలో కొలుస్తారు. ఏ చోట ఎన్ని ఓల్టులు ఉన్నవో చూపే గీతయే పొటెన్షియల్ గ్రాఫు.

ప్రయోగం: 100 సెం.మీ. నిక్రోమ్ తీగను స్కేలు వెంట బిగించి 2 సెల్లులు (3 ఓల్టులు) కలపాలి. ఓల్టుమీటరు ఒక కొనను రుణ ధ్రువం వద్ద ఉంచి, రెండో కొనను తీగ మీద జరపాలి. లెక్క ప్రకారం 20 సెం.మీ. వద్ద 0.6, 40 వద్ద 1.2, 60 వద్ద 1.8, 80 వద్ద 2.4 ఓల్టులు రావాలి. దూరం అడ్డంగా, ఓల్టులు నిలువుగా వేస్తే సరళరేఖ వస్తది. తీగలో కొంత భాగం సన్నగా ఉంటే అక్కడ గీత ఎక్కువ ఏటవాలు అయితది. ఏటవాలు ఎక్కువ ఉన్నచోటే విద్యుత్తు నెట్టుడు ఎక్కువ.

చిప్పులో: మన భానూర్‌లో భారత్ డైనమిక్స్ వారు క్షిపణులు తయారు చేస్తారు. క్షిపణిలో, మొబైల్‌లో చిప్పులు ఉంటాయి. వాటిలోని ట్రాన్సిస్టర్ చాలా చిన్నది, లోపలికి ఓల్టుమీటరు కొన పోదు. అందుకే శాస్త్రజ్ఞులు కంప్యూటర్‌తో లెక్క కట్టి గ్రాఫు గీస్తారు. ముందు ఒక పొటెన్షియల్ అనుకుంటారు. ష్రోడింగర్ 1926లో ఇచ్చిన సమీకరణంతో ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఉంటాయో కనుక్కుంటారు. ఆ ఆవేశంతో మళ్ళీ పొటెన్షియల్ లెక్కిస్తారు. రెండూ సరిపోయేదాకా ఇట్లనే చేస్తారు. ఎలక్ట్రాన్‌ది రుణావేశం. కాబట్టి గ్రాఫులో గుట్ట దానికి గుంత, గుంత దానికి గుట్ట. ఎలక్ట్రాన్ అలలా కూడా ఉంటది, గుట్ట బాగా సన్నగా ఉంటే ఎక్కకుండానే అవతలికి పోగలదు.

నేల మీద: మా గూడెం దగ్గర వానలో కరెంటు తీగ తెగి పొలంలో పడ్డది. ఎడ్లు తీగను తాకలేదు, అయినా చచ్చిపోయినయి. అందరూ గాలి సోకిందన్నరు. కారణం ఈ గ్రాఫులో ఉన్నది. తీగ నేలను ఒకచోట తాకిందనుకోండి. 1 మీటరు దూరంలో 120 ఓల్టులు ఉంటే, 2 మీటర్లలో 60, 3లో 40, 4లో 30 ఉంటాయి. 1 నుండి 2 మీటర్ల మధ్య తేడా 60, 3 నుండి 4 మధ్య 10 మాత్రమే. ఎద్దు ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు దూరం ఎక్కువ. ఆ తేడాకు విద్యుత్తు గుండె మీదుగా పోతది.

గుర్తుంచుకోండి: తెగిన తీగకు 10 మీటర్ల లోపలికి పోవద్దు. దగ్గర చిక్కుకుంటే పెద్ద అడుగులు వేయవద్దు, పాదాలు కలిపి, నేల మీద నుండి ఎత్తకుండా కొంచెం కొంచెంగా జరగాలి. 1912కు ఫోన్ చేయించాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు కూడా చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని