మనసుకు తగిలిన దెబ్బకు పరిహారం: చేయవలసినవి, చేయకూడనివి

ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం దాటి జగదల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద మన లారీ డ్రైవర్లు, క్లీనర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటారు. ప్రమాదంలో విరిగిన కాలు కొన్ని నెలల్లో అతుక్కుంటుంది. స్టీరింగ్ పట్టుకోగానే చేతులు వణకడం, ఎదురు బండి లైటు పడితే గుండె దడ రావడం మాత్రం కొందరికి ఏళ్లు గడిచినా పోవు. దీనికి పరిహారం వస్తుంది, కానీ అన్నిసార్లూ రాదు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమైనా, దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమలైన సామాజిక భద్రతా కోడ్ అయినా అడిగేది ఒకటే. పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగిందా? దానివల్ల సంపాదించే శక్తి తగ్గిందా? వృత్తి వ్యాధుల జాబితాలో సీసం విషానికి చోటుంది, ఆస్బెస్టాస్ జబ్బుకు చోటుంది. మానసిక జబ్బు ఒక్కదానికీ లేదు. ఇది అన్యాయం, సరిదిద్దాల్సిందే. అందాకా కేవలం పని ఒత్తిడితో, పైవాళ్ల వేధింపులతో కుంగిపోయినవారికి ఈ దారిలో పరిహారం దక్కడం చాలా కష్టం. ప్రమాదంతో ముడిపడిన మానసిక గాయానికి మాత్రం దారి ఉంది. చట్టంలోని గాయాల జాబితాలో లేని గాయమైతే, సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో అర్హుడైన డాక్టరు తేల్చాలి. 2020 జనవరిలో నిర్ణయించిన 15,000 రూపాయల జీతం పరిమితి ప్రకారం, 40 ఏళ్ల డ్రైవరుకు 20 శాతం శాశ్వత నష్టమని తేలితే సుమారు 3,31,500 రూపాయలు రావాలి.

ఒత్తిడి గుండెను దెబ్బతీసిందన్న కేసులూ కోర్టులకు వెళ్లాయి. నెల్లూరులో పనిచేస్తూ గుండెజబ్బుతో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 2006లో సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది. ఆయన పని స్విచ్ వేయడం, తీయడమే కాబట్టి అందులో ఒత్తిడి ఉందనుకోలేమంది. ఢిల్లీ నుంచి సుమారు 1,152 కిలోమీటర్ల దూరంలోని ధన్‌బాద్ ప్రాంతానికి లారీ తోలుతూ చనిపోయిన డ్రైవరు విషయంలో అదే కోర్టు కుటుంబానికి పరిహారం ఇప్పించింది. కేసు నిలబడాలంటే పని ఎలాంటిదో, దానికీ దెబ్బకూ లంకె ఏమిటో చూపించాలి.

చేయవలసినవి

నిద్ర పట్టకపోయినా, ఉలిక్కిపడుతున్నా మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే చెప్పండి, ఓపీ చీటీ మీద రాయించండి. ఎముక డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఆరు నెలల తర్వాత చెబితే, డబ్బు కోసం పుట్టిన జబ్బని బీమా కంపెనీ వకీలు అంటాడు. తర్వాత విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో చూపించుకుని, ప్రతి కాగితం దాచుకోండి.

ఓనరుకు ప్రమాదం గురించి రాతపూర్వకంగా తెలియజేసి, నకలు ఉంచుకోండి. ప్రమాదం సత్తుపల్లిలో జరిగినా, హైదరాబాద్‌లో జరిగినా, మీ కాపురం తిరువూరులో ఉంటే మన ఎన్టీఆర్ జిల్లా కార్మిక శాఖ అధికారి దగ్గరే దరఖాస్తు వేయవచ్చు.

ఈఎస్ఐ కార్డు ఉన్నవారి దారి వేరు. స్కిజోఫ్రెనియా, తీవ్రమైన కుంగుబాటు వంటి జబ్బులకు అక్కడ జీతంలో 80 శాతం, రెండేళ్ల వరకు ఇస్తారు. రెండేళ్ల సర్వీసు, తగిన చందా ఉండాలి. జబ్బు పని వల్లే వచ్చిందని నిరూపించే పని లేదు. ఆ కార్డు జేబులో ఉండి కూడా ఈ సంగతి తెలియక జీతం పోగొట్టుకోవద్దు.

ఆర్టీసీ వంటి ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగం చేస్తుండగా వైకల్యం వస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యంగానే లెక్కిస్తుంది.

చేయకూడనివి

భయం పట్టిందని తాయెత్తు కట్టించి అంతటితో ఊరుకోవద్దు. తాయెత్తు మీ నమ్మకం, కట్టించుకోండి. కానీ అధికారి ముందు సాక్ష్యం చెప్పేది డాక్టరు చీటీయే.

ఇరవై వేలు చేతిలో పెట్టి “ఇక ఏ హక్కూ లేదు” అని రాయించుకునే కాగితం మీద సంతకం పెట్టొద్దు. పెట్టేసి ఉంటే బెంగపడొద్దు, పరిహార హక్కును వదిలేసుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదు.

నిద్ర కోసం మందు తాగి బండెక్కొద్దు. ప్రాణాలకే ముప్పు. ఆ మత్తు వల్లే గాయపడితే, మరణమో శాశ్వత పూర్తి వైకల్యమో అయితే తప్ప, పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత నుంచి యజమాని తప్పించుకోవచ్చు. పాత మానసిక జబ్బు ఉంటే దాన్నీ దాచొద్దు. తర్వాత బయటపడితే మీరు చెప్పిన మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

తోటివాణ్ని “పిరికివాడు” అని ఎగతాళి చేయొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరన్నా అంటే వాళ్లను ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, రాత్రైనా పలుకుతారు, డబ్బు తీసుకోరు.

దరఖాస్తుకు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. అది దాటినా తగిన కారణం చూపితే అధికారి స్వీకరించవచ్చు. ఆ కాలమంతా చికిత్సలో ఉన్నట్టు చూపే చీటీలు అప్పుడు కూడా మీకు అక్కరకు వస్తాయి.