అగ్నిపర్వతాల చదువుకు ఇల్లు తాకట్టు పెట్టాలా?

‘‘జియాలజీ చదివి ఏం చేస్తాడు సార్, రాళ్లేరుకుంటాడా?’’ కౌన్సెలింగ్‌కు వచ్చే తండ్రుల నోట తరచూ వినే మాట ఇది. కంప్యూటర్ సైన్స్ సీటు రానివాళ్లకు మిగిలే చదువని వాళ్ల లెక్క. ఈమధ్య దీనికి పూర్తిగా ఎదురు గాలి కూడా వీస్తోంది. సూపర్ వోల్కెనోల మీద వీడియోలు చూసిన పిల్లలు ‘నేను వోల్కనాలజిస్టునవుతా’ అంటున్నారు. ఆ మాట చెవిన పడగానే కన్సల్టెన్సీలవాళ్లు విదేశీ ఎమ్మెస్ బ్రోచర్లు పట్టుకొని వాలిపోతున్నారు. ఆ తండ్రిది అపోహ. ఈ కన్సల్టెన్సీలు వేసేది ఉచ్చు. ఈ శాస్త్రంలో పనిచేసేవాళ్లు రోజూ ఏం చేస్తారో తెలిస్తే రెండింటి నుంచీ బయటపడొచ్చు.

అమెరికాలోని యెల్లోస్టోన్ సంగతి చూడండి. 21 లక్షల ఏళ్ల క్రితం, 13 లక్షల ఏళ్ల క్రితం, 6.4 లక్షల ఏళ్ల క్రితం అక్కడ మూడు భారీ విస్ఫోటనాలు జరిగాయి. వెయ్యి ఘనపు కిలోమీటర్లకు మించి బూడిద, శిలాద్రవం ఎగజిమ్మితేనే దాన్ని సూపర్ విస్ఫోటనం అంటారు. ఆ మూడింట్లో మొదటిది, చివరిది ఆ కోవకు చెందినవే. మధ్య విరామాలు లెక్కగట్టి ‘గడువు దగ్గర పడింది’ అని భయపెట్టే వీడియోలకు శాస్త్రీయమైన ఆధారం లేదు. అక్కడ భూమి లోపలున్న మాగ్మా గదిలో చాలా భాగం గట్టిపడిన రాయే. ఏ ఒక్క ఏడాదిలోనైనా అలాంటి విస్ఫోటనం జరిగే అవకాశం సుమారు 7.3 లక్షల్లో ఒక వంతని అమెరికా జియలాజికల్ సర్వే అంచనా. ఏటా అక్కడ నమోదయ్యే దాదాపు 1,500 నుంచి 2,500 చిన్న భూకంపాలను విడదీసి చూడటం, నేల ఎన్ని సెంటీమీటర్లు ఉబ్బిందో, ఎంత కుంగిందో జీపీఎస్‌తో కొలవడం, వేడినీటి బుగ్గల్లోని వాయువులను విశ్లేషించడం అక్కడి శాస్త్రవేత్తల నిత్యకృత్యం. ఇందులో ఫిజిక్స్, లెక్కలు, కెమిస్ట్రీ, కోడింగ్ అన్నీ కావాలి. కంప్యూటర్ అంటే ప్రాణం పెట్టే పిల్లవాడికీ ఇక్కడ చేతినిండా పని ఉంటుంది.

మనకూ సూపర్ వోల్కెనోలతో చుట్టరికం ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో తెల్లని బూడిద పొర బయటపడింది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చి పడిన బూడిద అది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆ విపత్తుకు మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందన్న వాదనను ఈ ఆధారం గట్టిగా ప్రశ్నించింది. జియాలజీలో చేరిన ప్రతి తెలుగు విద్యార్థికీ మొదటి ఏడాదే ఆ పొరను చూపించాలి. ఫీల్డ్‌కు తీసుకెళ్లని కాలేజీలో, రాళ్లను పలచగా కోసి మైక్రోస్కోప్‌లో చూపించే ల్యాబ్ లేని కాలేజీలో ఫీజు ఎంత తక్కువైనా చేరొద్దు. ‘‘ఆడపిల్లను కొండల్లోకి ఎలా పంపిస్తాం’’ అనే తల్లిదండ్రులకు నా జవాబు ఒక్కటే: అబ్బాయిని పంపించినట్టే పంపించండి.

ఇక ఈ చదువుతో వచ్చే ఉద్యోగాల సంగతి. భూగర్భ వేడితో కరెంటు తీయడం (జియోథర్మల్) కొత్త విద్య కాదు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1913లోనే ప్లాంటు నడిచింది. ఐస్‌లాండ్‌లో పదిళ్లలో తొమ్మిదింటిని వెచ్చబరిచేది ఈ వేడే. కెన్యా తన కరెంటులో నలభై శాతానికి పైగా దీనితోనే తీస్తోంది. మన దగ్గర లద్దాఖ్‌లోని పూగా లోయలో ఓఎన్‌జీసీ తవ్వకాలకు దిగింది. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి ప్రయోగాత్మకంగా పెట్టిన ప్లాంటు సామర్థ్యం 20 కిలోవాట్లు. అంటే మనం ఇంకా తొలి అడుగుల్లోనే ఉన్నాం. ‘జియోథర్మల్‌లో బోలెడు ఉద్యోగాలు’ అని చెప్పి కోర్సులు అమ్మేవాళ్లను నమ్మొద్దు. దేశంలో చురుకుగా ఉన్న అగ్నిపర్వతం కూడా అండమాన్‌లోని బారెన్ దీవిలో ఉన్నదొక్కటే. వోల్కనాలజిస్టు పేరుతో కొలువులు ఇక్కడ దాదాపు లేవు.

అందుకే నేను జియోఫిజిక్స్ వైపు మొగ్గుతాను. భూమి లోపలి వేడిని వెతికే పద్ధతులే నీటినీ, చమురునూ, ఖనిజాలనూ వెతుకుతాయి. ఒక తలుపు మూసుకుపోయినా మరో మూడు తెరిచే ఉంటాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, డిగ్రీ తర్వాత జామ్ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీల్లోనో, రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్షలతో ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లోనో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఆపైన యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. హైదరాబాద్‌లోనే సీఎస్ఐఆర్‌కు చెందిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, అణు ఖనిజాల డైరెక్టరేట్ ఉంది, ఎన్ఎండీసీ ఉంది. ఊరి చివర ఇంత పెద్ద కొలువుల చెరువు పెట్టుకొని కడలి దాటాలని పిల్లల్ని తరమడం ఎందుకు?

ఇక అప్పుల మాట. విదేశాల్లో అగ్నిపర్వతాలను గమనించే కేంద్రాలు చాలావరకు ప్రభుత్వాలవి. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగాలు చాలావరకు ఆ దేశ పౌరులకే. ఇల్లు తాకట్టు పెట్టి వోల్కనాలజీలో ఎమ్మెస్ చేసిన పిల్లవాడు చివరికి వాయిదాలు కట్టడానికి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పనిలో చేరాల్సి వస్తుంది. పరిశోధన మీద నిజంగా మనసున్న విద్యార్థి ఇక్కడే ఎమ్మెస్సీ చేసి, స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాలు సైన్స్ పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా ఫీజు మాఫీ చేసి, నెలనెలా జీతంలాంటిది ఇస్తాయి. డబ్బు కట్టించుకొని పరిశోధకుణ్ని చేస్తామనేవాళ్లకు దూరంగా ఉండండి.

కోచింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. జియో సైంటిస్ట్ పరీక్షకు ఇంటర్ నుంచే ‘ఫౌండేషన్’ అంటూ లక్షలు గుంజేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఎమ్మెస్సీ స్థాయి పరీక్షకు పదహారేళ్ల పిల్లలను రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టడం హింస. ఆ వయసులో లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా వస్తే చాలు.

సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరవడం ఆనవాయితీ. ఏజెంటుకు అడ్వాన్సు కట్టే ముందు పిల్లలను వెంటబెట్టుకొని ఒకసారి ఎన్‌జీఆర్‌ఐకి వెళ్లండి. అక్కడి శాస్త్రవేత్తలకు ప్రశ్నలు వేసే పని మీ పిల్లలకే వదిలేయండి.