బార్‌ఫర్డు గ్రామము

ఇంగ్లండు దేశపు నడిభాగమున వారిక్‌షైరు అను మండలము కలదు. మహాకవి షేక్‌స్పియరు జన్మించిన స్ట్రాట్‌ఫర్డు పట్టణము ఆ మండలములోనిదే. ఆ పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున, ఏవన్ నదీతీరమున బార్‌ఫర్డు అను చిన్న గ్రామమున్నది.

1837 మొదలు 1901 వరకు ఇంగ్లండునకు విక్టోరియా రాణి. ఆ కాలమున నగరములందు యంత్రశాలలు వెలసినవి. ఊళ్లను కలుపుచు రైలుమార్గములు సాగినవి. 1851 నాటి జనాభా లెక్కలలో పల్లెవాసులకంటె పట్టణవాసులే అధికులని తేలెను. అయినను పల్లెటూరి బ్రతుకు చాలకాలము పూర్వపు ఒరవడిలోనే నడచినది. ఆ బ్రతుకెట్టిదో, అది ఎట్లు మారెనో బార్‌ఫర్డున జన్మించిన ఒక కూలివాని చరిత్రము వలన తెలిసికొనవచ్చును. ఆతని పేరు జోసెఫ్ ఆర్చి. ఆతడు 1826వ సంవత్సరమున పుట్టెను.

నాటి ఆంగ్ల గ్రామమున అందరికంటె పై అంతస్తువాడు భూస్వామి. ఆతనిని స్క్వైరు అనెడివారు. ఊరి భూమిలో పెద్దభాగము ఆతనిదే. ఆ భూమిని కౌలునకు తీసికొని సేద్యము చేయు రైతులు ఆతని తరువాతివారు. ఆ రైతుల పొలములలో కూలికి పాటుపడువారు అందరికంటె క్రిందివారు. కమ్మరి, వడ్రంగి, దుకాణదారు మున్నగువారు రైతులకును కూలీలకును నడుమ నుండిరి. చర్చి గురువు భూస్వామితో సమానముగ మన్ననలందుచుండెను.

ఈ తారతమ్యము దేవాలయమున సైతము తొలగలేదు. విక్టోరియా రాణి పట్టమునకు వచ్చుటకు కొలది యేండ్ల ముందు, ఏడేండ్ల ప్రాయమున ఆర్చి ఒక దృశ్యమును చూచెను. చర్చిలో ప్రభుభోజన సంస్కారము జరుగుచుండెను. తన తండ్రి లోపలనే ఉండుటచే, బాలుడు తలుపు తాళపు రంధ్రమునుండి తొంగిచూచెను. మొదట భూస్వామి లేచి బలిపీఠమును సమీపించెను. ఆతడు వచ్చి కూర్చున్న పిమ్మట రైతులు వెళ్లిరి. వారి తరువాత దుకాణదారులును, చేతిపనివారును వెళ్లిరి. చిట్టచివర ముతక అంగీలు తొడిగిన కూలీలు వెళ్లిరి. వారి సరసన మోకరిల్లుటకు ఇతరులెవ్వరును రాలేదు. వారిలో తన తండ్రిని చూచిన బాలుని మనస్సు నొచ్చెను. దేవుని యెదుటను ఈ హెచ్చుతగ్గులేల అను ప్రశ్న ఆతనిని జీవితాంతము విడువలేదు.

ఆర్చి బడిలో చదివినది మూడేండ్లకు మించదు. తొమ్మిదవ యేట ఆతడు పొలమున విత్తులు తినవచ్చు కాకులను తోలుపనిలో చేరెను. దినమునకు పండ్రెండు గంటల పని. కూలి 4 పెన్నీలు. ఆ కాలమున 12 పెన్నీలు ఒక షిల్లింగు. ఇక చదువన్నచో, అక్షరములు నేర్చిన తల్లియే ఆతనికి గురువు. పని ముగిసిన పిదప ఇంటివద్ద ఆమె కుమారునిచే చదివించి వ్రాయించెడిది.

ఆ కాలపు గ్రామపాఠశాలలు పెక్కు చర్చి అధీనమున నుండెను. 1862 నాటి నియమావళి ప్రకారము, పిల్లల హాజరును బట్టియు, చదువుట, వ్రాయుట, లెక్కలు అను విషయములలో వారు పరీక్షయందు చూపిన నేర్పును బట్టియు ప్రభుత్వము పాఠశాలకు ధనసహాయము చేసెడిది. కోతల కాలము వచ్చినచో పిల్లలు బడి మాని పొలములకు పోయెడివారు. బడి హాజరు తగ్గినచో సహాయము తగ్గును. ఇంటికి కూలి తగ్గినచో కడుపు నిండదు. ఈ రెంటి నడుమ ఉపాధ్యాయుడు నలిగిపోయెడివాడు. బడికి వచ్చుట 1880లో దేశమంతటను నిర్బంధమయ్యెను. 1891లో చేసిన చట్టము వలన ప్రాథమిక పాఠశాలలలో జీతము చెల్లించు బాధ చాలవరకు తొలగెను.

పనిలేనివారికిని, వృద్ధులకును గతి యేమి? 1834 నాటి చట్టమును అనుసరించి కొన్ని గ్రామములకు కలిపి ఒక వర్కుహౌసు చొప్పున ఏర్పడెను. అది పేదల పనిశాల. అచ్చట తిండియు, నీడయు దొరకును. కాని లోపల అడుగిడినంతనే భర్త ఒకవైపునకు, భార్య ఒకవైపునకు, బిడ్డలు వేరొకవైపునకు పోవలసినదే. రాళ్లు కొట్టుట, పాత మోకుల పోగులు విప్పుట అచ్చటి పనులు. బయటి కూలి బ్రతుకుకంటె లోపలి బ్రతుకు సుఖముగ నుండరాదనియే ఆ చట్టము చేసినవారి తలంపు. అందుచే ఆ గుమ్మము తొక్కుటకంటె ఆకలిని ఓర్చుకొనుటయే మేలని పేదలు తలంచిరి.

ఊరి వ్యవహారములను చూచుటకు వెస్ట్రీ అను సభ యుండెను. పన్ను చెల్లించు వారికే అందు స్థానము. ఆస్తి హెచ్చినకొలది ఓట్లును హెచ్చెడివి. ఇట్లు గ్రామమున సంస్థలన్నియు ఉండెను. కాని వానిలో కూలివాని మాటకు తావు లేకుండెను. పైగా అనేకులు యజమాని ఇచ్చిన ఇంటనే కాపురముండిరి. ఎదిరించినచో పనియు పోవును, ఇల్లును పోవును.

ఆర్చి కుటుంబమునకు ఈ భయము లేదు. వారి చిన్న ఇల్లు పూర్వులు కొనిన సొంత ఇల్లు. ఆర్చి పొదకంచెలు కత్తిరించుటలో మిక్కిలి నేర్పరియై అనేక మండలములు తిరిగి పనిచేసెను. ప్రిమిటివ్ మెథడిస్టు సంఘమున బోధకుడై సభలలో మాటలాడుట నేర్చెను.

1872వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన, సమీపమునందలి వెల్స్‌బర్న్ గ్రామపు కూలీలు తమ కష్టములను గూర్చి మాటలాడుమని ఆతనిని పిలిచిరి. కొలదిమందియే వత్తురని తలంచిన ఆ సభకు వేయిమందికి పైగా వచ్చిరి. సత్రపు గది చాలకపోవుటచే వారు బయట ఒక చెస్ట్‌నట్ చెట్టు క్రింద గుమిగూడిరి. చీకటిలో చిక్కుడు పందిరి గడలకు లాంతరులు వ్రేలాడదీసిరి. ఆర్చి ఒక ముక్కాలిపీట వంటి బల్లపై నిలిచి, ఒంటరిగ అడిగినచో వినువారుండరనియు, అందరును సంఘముగ నేర్పడవలెననియు బోధించెను. దినమునకు 2 షిల్లింగుల 8 పెన్నీలు, అనగా ఆరు దినముల వారమునకు 16 షిల్లింగులు, కూలిగ నీయవలెనని వారు కోరిరి. రైతులు బదులీయకపోగా మార్చి నెలలో పని మానిరి. ఆ యేడు మే నెలలో లెమింగ్టన్ పట్టణమున జాతీయ వ్యవసాయ కార్మిక సంఘము స్థాపితమయ్యెను. ఆర్చి దానికి అధ్యక్షుడయ్యెను.

సంఘము త్వరితముగ పెరిగెను. కొన్నిచోట్ల కూలి హెచ్చెను. కాని 1874లో తూర్పు మండలముల రైతులు సంఘములో చేరినవారికి పని నీయక తలుపులు మూసిరి. నెలల తరబడి కూలీలను పోషించి సంఘపు ధనము కరిగిపోయెను. అనేకులు సంఘమును వీడి తిరిగి పనిలో చేరిరి. కొందరు కెనడా వంటి దూరదేశములకు వలసపోయిరి. సంఘము క్రమముగ క్షీణించి 1896లో అంతరించెను.

అయినను ఆ శ్రమ వృథా కాలేదు. పట్టణపు పనివారికి 1867లోనే లభించిన ఓటుహక్కు, 1884 నాటి చట్టముచే పల్లెలలోని కుటుంబ యజమానులైన పురుషులకును లభించెను. మరుసటి యేడు ఆర్చి నార్ఫోకు మండలమునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. కాకులను తోలిన చేయి శాసనసభలో చట్టములకు సమ్మతి తెల్పెను. యువరాజు సాండ్రింగ్‌హాం భవనము ఆ నియోజకవర్గములోనిదే యగుటచే, ఒక కూలివాడు యువరాజునకు ప్రతినిధి యయ్యెనని జనులు వింతగ చెప్పుకొనిరి. 1894 నాటి చట్టమువలన వెస్ట్రీల లౌకికాధికారములు ఎన్నికైన గ్రామసభలకు సంక్రమించెను. ఆ సభలకు ఎన్నికగుటకు స్త్రీలును అర్హులైరి.

ఆర్చి 1919లో, 92 ఏండ్ల వయస్సున, బార్‌ఫర్డులోనే కన్నుమూసెను. చర్చియు, పాఠశాలయు, వెస్ట్రీ సభయు ఆతడు పుట్టక పూర్వమునుండి ఉన్నవే. ఆతని జీవితకాలమున క్రొత్తగ వచ్చినది వేరొకటి: ఊరిని పోషించు కూలివానికి, ఆ ఊరి వ్యవహారములలో మాటలాడు హక్కు లభించుట.