క్యారెక్టర్ డిజైన్ నేర్చుకునే స్టూడెంట్స్ కి: ట్యాబ్ తర్వాత, ముందు ఎద్దు ఎలా నడుస్తుందో చూడండి

"అన్నయ్యా, డ్రాయింగ్ కి ఏ ట్యాబ్ కొనమంటావ్?"

మా చిన్నాన్న కూతురు పోయిన డిసెంబర్ లో ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. తను యానిమేషన్ డిగ్రీ సెకండ్ ఇయర్. నేను గ్యాడ్జెట్స్ గురించి రాస్తుంటాను కాబట్టి చుట్టాలందరికీ నేనే షోరూమ్. కానీ ఈసారి విషయం కొంచెం సీరియస్. సంక్రాంతి సెలవుల లోపు 20 సెకన్ల 2డి యానిమేషన్ సబ్మిట్ చేయాలి, చేతిలో ఉన్నది మూడు వారాలు. చిన్నాన్నకి ఈ కోర్సు మొదటి నుంచీ ఇష్టం లేదు. "ఈ ప్రాజెక్ట్ అయినా పూర్తి చేసి చూపించు, లేకపోతే వచ్చే ఏడు బీకాం" అని చెప్పేశాడట.

ట్యాబ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ క్యారెక్టర్ పంపు అన్నాను. వాట్సాప్ లో గంగిరెద్దు బొమ్మ వచ్చింది. నిజం చెప్పాలంటే అదిరిపోయింది. వీపు మీద రంగు రంగుల బొంత, కొమ్ములకి కుచ్చులు, మెడలో గజ్జెల పట్టీ, నుదుటి మీద అద్దాలు. పోస్టర్ కి అయితే వందకి వంద మార్కులు. నేను జూమ్ చేసి బొంతలో ముక్కలు లెక్కపెట్టాను. 46.

అక్కడే సమస్య మొదలైంది. ఈ ఆర్టికల్ అంతా ఆ 46 ముక్కల గురించే అనుకోండి. యానిమేషన్ నేర్చుకుంటున్న వాళ్ళు, ఫోన్ లోనో ట్యాబ్ లోనో సరదాగా మొదలుపెట్టిన వాళ్ళు దీన్ని ఒక పాఠంలా చదువుకోవచ్చు. నేను ప్రొఫెషనల్ ఆర్టిస్ట్ ని కాదు. బీటెక్ లో హాస్టల్ రూమ్ లో బ్లెండర్ పట్టుకుని మూడు షార్ట్ ఫిల్మ్స్ మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయని వాడిని. ఎందుకు పూర్తి కాలేదో మాత్రం బాగా తెలుసు.

ముందు లెక్క, తర్వాత గీత

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసే యానిమేషన్ లో చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచుతారు, దీన్నే "ఆన్ టూస్" అంటారు. అంటే సెకనుకి 12 బొమ్మలు. 20 సెకన్లకి 240.

చెల్లిని స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ ఎద్దుని ఒకసారి క్లీన్ గా గీయమన్నాను. 25 నిమిషాలు పట్టింది. 240 బొమ్మలకి 6000 నిమిషాలు, అంటే 100 గంటలు. కాలేజీ పోగా తనకి రోజుకి దొరికేది రెండు గంటలు, 21 రోజులకి 42 గంటలు. అదే ఎద్దుని బొంత ముక్కలు, గజ్జెలు, అద్దాలు లేకుండా గీస్తే 9 నిమిషాలు. మొత్తం 36 గంటలు. కష్టమే గానీ అవుతుంది. ఎద్దు కదలకుండా నిలబడే చోట్ల అదే బొమ్మని వాడుకుంటే ఇంకా తగ్గుతుంది.

యానిమేటర్లు దీన్ని పెన్సిల్ మైలేజ్ అంటారు. బండికి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని చూస్తాం కదా, అలాగే ఒక డిజైన్ లో ఎన్ని గీతలు ఉన్నాయి, వాటిని ఎన్నిసార్లు గీయాలి అని చూడడం. ఒక చొక్కా గుండీ పెట్టేటప్పుడు కూడా "దీన్ని 240 సార్లు గీస్తానా?" అని అడుక్కోవాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గళ్ళు, చుక్కలు లాంటి డిజైన్ ప్రతి బొమ్మలోనూ ఒక పిసరు అటూ ఇటూ అవుతుంది. ప్లే చేస్తే ఆ బొంత మీద చీమలు పాకుతున్నట్టు కనిపిస్తుంది.

మరి తోలుబొమ్మలకి అంత పనితనం ఎలా?

చెల్లి ఊరుకుంటుందా. "తోలుబొమ్మలాటలో బొమ్మల నిండా నగలు, చిల్లులు, డిజైన్లే కదా అన్నయ్యా, అవి కదలట్లేదా?" అంది. మంచి ప్రశ్న. నాకు ఆన్సర్ చెప్పడానికి ఒక పూట పట్టింది.

తోలుబొమ్మని ప్రతి కదలికకీ మళ్ళీ గీయరు. తలా, చేతులూ, కాళ్ళూ విడివిడి తోలు ముక్కలు, కీళ్ళ దగ్గర కట్టి ఉంటాయి. ఒకసారి చెక్కిన డిజైన్ ముక్కతో పాటు కదులుతుంది. మన భాషలో చెప్పాలంటే అది కటౌట్ రిగ్. అలా చేస్తే 46 ముక్కల బొంత అయినా, 460 అయినా ఖర్చు ఒకటే. కానీ ఒక షరతు ఉంది. ముక్క తిరగదు. తోలుబొమ్మల్లో చాలావరకు పక్క నుంచి చూసినట్టే చెక్కడానికి ఇది కూడా ఒక కారణం అని నా ఉద్దేశం. కటౌట్ లో ఎద్దు పక్కకి నడవగలదు, మన వైపు తిరిగి చూడాలంటే ఇంకో సెట్ ముక్కలు కావాలి.

అందుకే క్యారెక్టర్ డిజైన్ మొదలుపెట్టే ముందే ఇది ఫ్రేమ్ బై ఫ్రేమా, కటౌటా, 3డినా అని తేల్చుకోవాలి. 3డిలో లెక్క మళ్ళీ వేరు. అక్కడ ఒకసారి చేసిన టెక్స్చర్ ఫ్రీగా వస్తుంది గానీ వేలాడే గుడ్డ, వెంట్రుకలు ప్రాణం తీస్తాయి. చెల్లి సబ్మిషన్ ఫ్రేమ్ బై ఫ్రేమ్ లోనే చేయాలి, అది సిలబస్. కాబట్టి బొంత తగ్గాల్సిందే.

ఏం ఉంచాలి, ఏం తీసేయాలి

కథ ఏంటని అడిగాను. ప్రతి ఇంటి ముందూ ఆడించే ఆయన "అమ్మగారికి దండం పెట్టు" అంటాడు, ఎద్దు తల ఊపుతుంది. చివరి ఇంటి దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపుతుంది. అంతే కథ. గంగిరెద్దులా తల ఊపడం అని మనం తిట్టేది ఎద్దుని కాదు కదా, ఆ మాటని తిరగేసింది. నాకు బాగా నచ్చింది.

కథ అదైతే నటించేది తలా, మెడా. పాత డిజైన్ లో మెడ కనిపించట్లేదు, గజ్జెల పట్టీ మొత్తం కప్పేసింది. నుదుటి అద్దాల్లో కళ్ళు కలిసిపోయాయి. సినిమాలో ముఖ్యమైన పని చేసే భాగాన్నే అలంకారం దాచేసింది. స్టూడెంట్ పోర్ట్‌ఫోలియోల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే: క్యారెక్టర్ ఏం వేసుకుందో తెలుస్తుంది, ఏం చేస్తుందో తెలియదు.

తర్వాత సిల్హౌట్ టెస్ట్. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపేసి, ఫోన్ లో బొటనవేలి గోరంత సైజుకి తగ్గించి చూడండి. ఎవరో గుర్తుపట్టగలగాలి. మిక్కీ మౌస్ కి మూడు గుండ్రాలు చాలు. ఇందులో ఒక చిన్న మోసం కూడా ఉంది: మిక్కీ తల ఎటు తిప్పినా చెవులు గుండ్రంగానే కనిపిస్తాయి, నిజమైన చెవులు అలా ఉండవు. గుర్తుపట్టడం కోసం శరీర నియమాన్ని పక్కన పెట్టారు. ది సింప్సన్స్ లో బార్ట్, లీసా, మార్జ్ జుట్టులు కూడా నీడలోనే ఎవరిదో చెప్పేస్తాయి. మన తోలుబొమ్మలాటలో జుట్టు పోలిగాడికి పేరులోనే జుట్టుంది, ఇంకేం కావాలి.

చెల్లి ఎద్దు నల్లగా నింపితే ఒక దిబ్బలా వచ్చింది. బొంత మూపురాన్ని మింగేసింది. మూడో ప్రయత్నానికి దారిలో పడింది: మూపురం ఎత్తుగా, గంగడోలు కిందికి వేలాడుతూ, కొమ్ములు పొడుగ్గా, వాటి చివర ఒక్కో కుచ్చు. ఒంగోలు జాతికి కొమ్ములు నిజానికి పొట్టిగా ఉంటాయి. అయినా తల ఊపు దూరం నుంచి కనిపించాలంటే పొడుగు కొమ్ములే కావాలి, అందుకే నేనూ ఒప్పుకున్నాను. తల ఆగాక కూడా కుచ్చులు, గంగడోలు ఒక రెండు మూడు బొమ్మల పాటు ఊగుతాయి. ఆ ఊగడం వల్లే బరువు తెలుస్తుంది.

బొంత మూడు పెద్ద రంగు పట్టీలు అయింది. గజ్జెలు పూర్తిగా తీసేశాం. అవి వినిపిస్తే చాలు, గీయక్కర్లేదు! సౌండ్ ట్రాక్ లో పెట్టిన గజ్జెలకి పెన్సిల్ మైలేజ్ సున్నా.

ఆకారాల గురించి ఒక మాట. గుండ్రం అంటే మంచివాడు, చతురస్రం అంటే మొండివాడు, త్రికోణం అంటే విలన్ అని ప్రతి యూట్యూబ్ వీడియోలోనూ చెప్తారు. తప్పేం లేదు, పిక్సార్ వాళ్ళ అప్ (2009) లో ముసలాయన కార్ల్ తల, కళ్ళజోడు, కుర్చీ అన్నీ చతురస్రాలే. కానీ అక్కడ పని చేసేది పక్కన గుండ్రంగా ఉన్న పిల్లాడితో తేడా. ఆకారం ఒంటరిగా ఏమీ చెప్పదు. ఎద్దు గుండ్రం కాబట్టి ఆడించే ఆయన్ని సన్నాయిలా సన్నగా, నిలువుగా గీయమన్నాను.

మోడల్ షీట్

డిజైన్ ఒక్క యాంగిల్ లో బాగుంటే సరిపోదు. ముందు నుంచి, ముప్పావు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి అదే క్యారెక్టర్ ని ఒకే వరుసలో గీయాలి. కళ్ళు, భుజం, మోకాలు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో అడ్డగీతలు గీసి చూసుకోవాలి. దీన్ని టర్న్‌అరౌండ్ అంటారు. ఎత్తుని తలలతో కొలుస్తారు. పెద్ద మనిషి దాదాపు ఏడున్నర తలలు ఉంటాడు, కార్టూన్ పిల్లలు రెండున్నర మూడు తలలే. మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ళ ఛోటా భీమ్ ని గుర్తు తెచ్చుకోండి, ఎంత తల! పెద్ద తల అయితే చిన్న స్క్రీన్ లో కూడా మొహం చదవగలం.

నాలుగు కాళ్ళ జంతువు అయితే ఇక్కడ ఒక గుంట ఉంది. ఎద్దు వెనక కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఇది తెలియకపోతే నడక ఎన్నిసార్లు గీసినా కుర్చీ నడిచినట్టే ఉంటుంది. నడిచే వరుస కూడా ఇంతే: ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. చెల్లి ఇంటి ముందుకొచ్చిన గంగిరెద్దునే ఫోన్ లో స్లో మోషన్ లో తీసింది. మీ ఫోన్ లో ఉన్న స్లో మోషన్ ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

మాట్లాడే క్యారెక్టర్ కి నోటి షేప్స్ షీట్ కావాలి. నెట్ లో దొరికే చార్టులన్నీ ఇంగ్లీష్ కోసం చేసినవి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, అంటే మాట చివర నోరు తెరిచే ఉంటుంది. ఇంగ్లీష్ చార్ట్ పట్టుకుని చేస్తే ప్రతి మాటకీ నోరు టప్పున మూసుకుని డబ్బింగ్ సినిమాలా కనిపిస్తుంది. నా లెక్క ప్రకారం తెలుగుకి ఆరు చాలు: ఆ, ఈ, ఊ, ఓ, పెదాలు మూసిన మ-ప-బ, నాలుక కనిపించే ల. అద్దం ముందు నిలబడి "దండం పెట్టు" అనండి, మూడు షేపుల్లో అయిపోతుంది.

ఇప్పుడు గ్యాడ్జెట్

ట్యాబ్ కోసమే స్క్రోల్ చేస్తూ వచ్చిన వాళ్ళకి సారీ. క్యారెక్టర్ డిజైన్ కి ముఖ్యమైన స్పెక్ ప్రెషర్ సెన్సిటివిటీ, పెన్ నొక్కితే గీత లావు అవ్వడం. రబ్బరు మొన ఉండే వంద రూపాయల స్టైలస్ కి అది ఉండదు, అది వేలుతో సమానం. ఐప్యాడ్ కొనేవాళ్ళు జాగ్రత్త: ఆపిల్ పెన్సిల్ లో యూఎస్‌బీ-సీ మోడల్ కి ప్రెషర్ లేదు. ఫస్ట్ జెన్, సెకండ్ జెన్, ప్రో మోడల్స్ కి ఉంది. మీ ఐప్యాడ్ కి ఏది పని చేస్తుందో చూసుకునే కొనండి. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ బాక్స్ లోనే ఎస్ పెన్ వస్తుంది, గీయడానికి దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

ర్యామ్ లెక్క కూడా వేసుకోండి. 1920×1080 సైజులో పూర్తిగా నిండిన ఒక లేయర్ దాదాపు 8 ఎంబీ. అదే 4కె లో 33 ఎంబీ. 4 జీబీ ట్యాబ్ మీద 4కె కాన్వాస్ పెట్టి లేయర్లు చాలట్లేదని తిట్టుకోకండి. స్టూడెంట్ సబ్మిషన్ కి 1080 చాలు.

ఇంట్లో ఇప్పటికే ల్యాప్‌టాప్ ఉంటే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ చాలు. చిన్న సైజువి అయిదు వేల లోపే దొరుకుతాయి. చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట కాబట్టి మొదటి వారం చిరాకు పుడుతుంది, తర్వాత అలవాటవుతుంది. క్రీటా, ఓపెన్‌టూంజ్, బ్లెండర్ మూడూ ఫ్రీ. ఓపెన్‌టూంజ్ మూలం జిబ్లీ స్టూడియో వాడిన టూంజ్ సాఫ్ట్‌వేరే. 2025 లో బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ ఆస్కార్ తీసుకున్న ఫ్లో ని బ్లెండర్ లోనే చేశారు. అందులో డైలాగ్ ఒక్కటీ లేదు, మొత్తం ఒక పిల్లి నడక, చెవులు, తోక మీదే నడుస్తుంది. జంతువుని డిజైన్ చేసేవాళ్ళు తప్పకుండా చూడాలి.

రంగులు ఫైనల్ చేసే ముందు ఒక్కసారి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. చెల్లి ఎద్దు తెలుపు, వెనక గోడ లేత పసుపు, గ్రే లో రెండూ ఒకటే అయిపోయాయి. గోడని ముదురు ఇటుక రంగు చేసింది. అమోలెడ్ ఫోన్ లో వివిడ్ మోడ్ ఆఫ్ చేసే చూడాలి, లేకపోతే ఎరుపులన్నీ అబద్ధం చెప్తాయి.

చివరికి తను చిన్నాన్న పాత ల్యాప్‌టాప్, ఒక చిన్న పెన్ ట్యాబ్లెట్ తో పని కానిచ్చింది. 20 సెకన్లలో రెండు సెకన్లు నిలబడిన ఎద్దు మీద గజ్జెల చప్పుడు మాత్రమే. చిన్నాన్న ఫోన్ లో రెండుసార్లు చూసి, "ఆ చివరింటి వాళ్ళు ఏం చేశారని అడ్డంగా ఊపింది?" అని అడిగాడట. బీకాం మాట ఇప్పటివరకు ఎత్తలేదు.

నిన్న మళ్ళీ ఫోన్. ఈసారి కటౌట్ లో చేస్తుందట, ఆ 46 ముక్కల బొంతతో. 8 జీబీ ర్యామ్ సరిపోతుందా అని అడుగుతోంది.