పత్రికి పంపేముందు ఉమ్మెత్తను చూపించండి

వినాయక చవితి వస్తే పత్రి కోయడం పిల్లల పని. మహారాష్ట్రలోని మా విరూర్ తెలుగిళ్లలోనూ అంతే. ఆ ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూర పత్రం ఒకటి, అదే ఉమ్మెత్త. బృహతీ పత్రం అనే వాకుడూ ఆ కుటుంబానిదే. మన వంగ, మిరప, టమాటలకు ఇవన్నీ చుట్టాలు. దేవుడికి ఆకు పెట్టడంలో తప్పేమీ లేదు. దాన్ని తుంచే చెయ్యి ఆరేడేళ్ల పిల్లవాడిది కావడమే నా బెంగ.

ఒకసారి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. సన్నాయిలాంటి పొడవాటి పువ్వునీ, ఒళ్లంతా ముళ్లున్న గుండ్రటి కాయనీ చూపించండి. బడిలో మరాఠీ పిల్లలు దీన్నే ధోత్రా అంటారు. ఇంట్లో ఉమ్మెత్త వద్దని చెప్పినా, బయట ధోత్రా అంటే వేరే మొక్క అనుకోవచ్చు. రెండు పేర్లూ చెప్పండి. ఎండిన కాయ పగిలితే లోపల కిక్కిరిసిన గింజలు అచ్చం మిరప గింజల్లా ఉంటాయి. తేడా ఎలా పట్టాలో డాక్టరు చదువులో ప్రత్యేకంగా నేర్పుతారంటే చూడండి! మిరప గింజ పలచగా, పసుపుగా, నున్నగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ మందంగా, గోధుమ రంగులో, గుంటలు గుంటలుగా ఉంటుంది.

మొక్క మొత్తం విషమే. తిన్న గంటలోపే నోరు పిడచకట్టుకుపోతుంది. ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు కాలిపోతున్నా చెమట పట్టదు. కంటిపాప పెద్దదై వెలుతురు చూడలేరు. ఆ తర్వాత పొంతన లేని మాటలు, గాలిలో ఏదో ఏరుతున్నట్టు వేళ్లాడించడం. గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తకండి. కంటిపాప విప్పారడానికి డాక్టరు వేసే చుక్కల్లోని అట్రోపినే ఈ మొక్కలోనూ ఉంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించవద్దు. 108కి ఫోన్ చేయండి. తిన్న కాయ ముక్కో, ఆకో దొరికితే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఎప్పుడు తిన్నారో గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. దెబ్బలకు భయపడి పిల్లలు నోరు విప్పరు. అలా పోయే ప్రతి నిమిషం వైద్యానికి ఆలస్యమే. ఏం నోట్లో పెట్టుకున్నా సరే, వచ్చి చెబితే కొట్టనని ఇవాళే మీ బిడ్డకు మాటివ్వండి.